బోర్లించిన సన్నికల్లు

కానుకల మధ్య ఆ మూటను ముందుగా చూసింది నకియ. యెరూషలేము నుంచి వచ్చిన కంచరగాడిదల మీంచి ద్రాక్షారసపు తిత్తులు, నూనె జాడీలు, ఉన్ని దుప్పట్లు దింపి రాజుగారి వాకిట్లో పేరుస్తున్నారు. రంగు చారల గుడ్డలో చుట్టి నారతాడుతో కట్టిన పొడుగాటి మూట ఒకటి, ఎవరికీ పట్టనట్టు గోడవారన పడి ఉంది. నకియ ముసలిది. వంగితే లేవడానికి గోడ పట్టుకోవాలి. అయినా వంగి, తాడు విప్పకుండానే గుడ్డ మీంచి వేళ్లతో తడిమింది. రెండు కొసలూ సన్నం, నడుమ లావు. ఒక పక్క నున్నగా అరిగి ఉంది.

"ఇదెవరిచ్చారు?"

గాడిదలవాడు నవ్వాడు. "అదా అవ్వా? బరువు సమానంగా తూగాలని మావాడెవడో కట్టాడనుకున్నా. కాదట. ఆడవాళ్ల లోగిలి నుంచి దాసీ ఎవరో తెచ్చిచ్చింది. గెషూరులో తాతగారింటికి చేర్చమంది. మీ ఊరంతా నల్లరాళ్లే గదా! చాలడం లేదని మేం మోసుకురావాలా?"

పక్కనున్నవాళ్లు కూడా నవ్వారు. నకియ నవ్వలేదు. మూటను పసిబిడ్డలా చంకనెత్తుకుని లోపలికి వెళ్లింది.

రాజు తల్మయి ఆ సమయానికి ఊరి పెద్దవాకిలి, గవిని దగ్గర ఉన్నాడు. గవిని పక్కన మెట్ల మీద నల్లరాతి తొట్టి, దాని వెనక ఎద్దుకొమ్ముల దేవుడి శిల. ఊళ్లోకి వచ్చే అతిథి ముందుగా ఆ తొట్టిలో పాలు పొయ్యాలి. పోసేటప్పుడు రాజు పక్కన నిలబడాలి. యెరూషలేములోని పెద్దరాజు దావీదు సేనాపతి యోవాబు పోయనన్నాడు. తన దేవుడు ఒప్పుకోడని మర్యాదగానే చెప్పాడు. పాలగిన్నె రాజు చేతిలోనే ఉండిపోయింది.

"ఏం గెషూరూ, కులాసానా? బాగా ముసలివాడివైపోయావే!" అన్నాడు యోవాబు, కాళ్లు బారచాపి అరుగు మీద కూర్చుంటూ.

పెద్దరాజు కొలువులో చిన్నరాజులకు పేర్లుండవు. ఊరి పేరే వాళ్ల పేరు. హమాతూ ఇలా రా, గెషూరూ అక్కడ కూర్చో. మొదటిసారి అలా పిలిచినప్పుడు తల్మయి వెనక్కి తిరిగి చూశాడు, ఊరు వచ్చి తన వెనక నిలబడిందేమోనని. తర్వాత అలవాటైంది. అమీహూదు కొడుకు తల్మయి అనేవాడొకడు ఎప్పుడో ఏరు దాటి వెళ్లి ఇంకా తిరిగి రాలేదని మాత్రం అప్పుడప్పుడు అనిపించేది.

"కుర్రవాణ్ని తీసుకెళ్లడానికి వచ్చాను" అన్నాడు యోవాబు. "తండ్రి మనసు మెత్తబడింది. ఎల్లుండి పొద్దున్నే బయల్దేరతాం."

"మంచిది" అన్నాడు తల్మయి.

ఆ మాట అతడి నోటికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కూతురు మయకాను దావీదుకు ఇమ్మని అడిగినప్పుడు అదే అన్నాడు. ఆ కూతురి కొడుకు అబ్షాలోము, చేతులకు అన్న నెత్తురు అంటించుకుని ఈ గవిని దగ్గరే వచ్చి నిలబడ్డప్పుడూ అదే అన్నాడు. చిన్నరాజు పని అంతా ఆ ఒక్క మాటలో ఉంది.

ఇంటికి వచ్చేసరికి నకియ వెనకగదిలో అతడి కోసం కాచుకుని ఉంది.

"ఒరేయ్ తల్మయీ, తలుపు వెయ్యి."

నకియ తల్లి పాలు తాగి పెరిగాడు తల్మయి. పదిమందిలో ఆమె కూడా అతణ్ని రాజా అనే పిలుస్తుంది. తలుపు మూసి ఉంటేనే ఈ పిలుపు. ఈ ఊళ్లో అతణ్ని పేరు పెట్టి పిలిచే నోరు మరొకటి మిగల్లేదు.

తలుపు వేసి చూశాడు. ఆ గదిలో గోడవారన ఎప్పటినుంచో బోర్లించి ఉన్న సన్నికల్లు మీద, మూటలోంచి తీసిన పొత్రం ఉంది, గింజలు నూరే చేతిరాయి. నల్లరాయి. ఒక కొసన గోధుమ గింజంత తెల్లమచ్చ. ఆ రాయిని అతడే ఏటి ఒడ్డున వెతికి, తెచ్చి, చెక్కించాడు.

గెషూరులో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు పుట్టింటి పొత్రం ఆమెతో పంపుతారు. సన్నికల్లు మాత్రం పుట్టింట్లోనే బోర్లించి ఉంచుతారు. ఆ రాయి తల్లి నుంచి కూతురికి వెళ్తుంది. ఎప్పటికైనా అది ఒంటరిగా వెనక్కి వచ్చిందంటే, దాని మనిషి పుట్టింటి నీడ అడుగుతోందని అర్థం. పొత్రాన్ని తిప్పి పంపితే నీకు అదే ఇల్లు అని చెప్పినట్టు. ఉంచుకుంటే, ఇంటిమనిషి ఒకరు కాలినడకన వెళ్లి ఆమెను తీసుకురావాలి.

"మయకా వస్తానంటోందా అక్కా?"

తన గొంతులో ఆశ విని తల్మయికే ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్లూ కూతురు అక్కడ సుఖంగా ఉందని అనుకోవడంలో ఎంత శ్రమపడ్డాడో, ఆ శ్రమ ఒక్కసారి తీరిపోయినట్టనిపించింది. సన్నికల్లు పక్కన కూర్చుని పొత్రం మీద చెయ్యి వేశాడు. రాయి చల్లగా ఉంది.

"ఏమో. దీన్లో చుట్టి పంపింది" అని నకియ గుడ్డ చూపించింది. పొడుగు చేతుల చొక్కాలోంచి వేరైన ఒక చెయ్యి. ఎరుపు, నీలం, పసుపు చారలు. భుజం దగ్గర దారాలు వేలాడుతున్నాయి.

అప్పుడే తలుపు తోసుకుని అబ్షాలోము వచ్చాడు. స్నానం చేసినట్టున్నాడు, జుట్టు తడిగా వీపంతా పరుచుకుని ఉంది. రోజూ ఈ వేళకు నకియే దువ్వుతుంది. "అవ్వా, దువ్వెన ఏదీ?" అంటూ వచ్చినవాడు ఆగిపోయాడు. రాయి వంక చూడలేదు. వంగి గుడ్డను తీసుకున్నాడు.

"ఇది మా చెల్లిది, తామారుది."

అబ్షాలోము ఆ గుడ్డ ముక్కలో చెయ్యి దూర్చి, మళ్లీ తీసేశాడు.

"అన్ననని చెప్పుకునేవాడు, మా సవతితల్లి కొడుకు ఆ అమ్నోను, జ్వరమని చెప్పి పిలిపించుకున్న రోజు ఇదే తొడుక్కుంది. రొట్టెలు చేసి పెట్టడానికి వెళ్లింది. వాడు పని అయ్యాక గెంటేసి తలుపు గడియ పెట్టాడు. ఇదిగో, ఇలా చింపుకుని, నెత్తిన బూడిద పోసుకుని వీధి వెంట ఏడుస్తూ వచ్చింది. మా నాన్న విన్నాడు. కోప్పడ్డాడు. అంతే. రెండేళ్లు చూశాను, ఇంకేమైనా చేస్తాడేమోనని. తర్వాత నేను చెయ్యాల్సింది చేశాను."

"అయితే ఈ పొత్రం..." అన్నాడు తల్మయి.

"అమ్మ దానికి ఇచ్చేసినట్టుంది. పెళ్లినాడు ఇవ్వాల్సింది. పెళ్లి ఎలాగూ లేదని ముందే ఇచ్చింది కాబోలు."

"అయితే ఇంటికి రావాలనుకుంటోంది పిల్ల" అంది నకియ.

"మీ ఆచారాలు దానికేం తెలుసవ్వా! అమ్మ ఏవో కథలు చెప్పి ఉంటుంది. అది నా ఇంట్లో ఉంది. దాసీలున్నారు, తిండి ఉంది, గొళ్లేలున్నాయి. దానికేం లోటు?"

"లోటు లేనివాళ్లు రాయి పంపరు నాయనా. కూర్చో, తల దువ్వుతా."

అతడు కూర్చున్నాడు. నకియ ఒక్కొక్క పాయా తీసి, చిక్కు లాగకుండా వేళ్లతో విడదీసి, కింద నుంచి పైకి దువ్వుకొచ్చింది.

మర్నాడు తల్మయి పొత్రాన్ని ఎండలోకి తెచ్చుకున్నాడు. బాగా అరిగి నున్నబడింది. ఇలాంటి రాయి గింజను నలపదు, జారుస్తుంది. గట్టి గులకరాయి ఒకటి తీసుకుని ఆ నునుపు మీద చిన్నచిన్న గంట్లు కొట్టడం మొదలుపెట్టాడు. దెబ్బ ఒకచోట అనుకుంటే ఇంకోచోట పడింది. నల్లటి ధూళి ఒళ్లో రాలుతోంది. కాస్త అవతల నీడలో నకియ ఆ చొక్కా చేతిని ఉతికి ఆరేసి, చిరుగు కుట్టుకుంటూ కూర్చుంది. యెరూషలేము దాసీ కట్టిన నారతాడు కూడా చుట్ట చుట్టి పక్కన పెట్టుకుంది.

అబ్షాలోము పిట్టగోడ మీద కూర్చుని కింద సరస్సులో వలలు లాగుతున్నవాళ్లను చూస్తున్నాడు.

"నిజంగానే రప్పిస్తావా తాతా?"

"అడిగి చూస్తాను."

"నువ్వా? అడగడమా?" నవ్వాడు. అందులో వెటకారం కంటే జాలి ఎక్కువ ఉంది. "నువ్వు ఎవర్నైనా ఏదైనా అడగ్గా నేను చూడలేదే."

తల్మయి రెండు గంట్లు కొట్టి ఆగాడు. "దాన్ని పంపిస్తే నీకేం నష్టం?"

సరస్సు మీద ఎవరో వలవాడు ఇంకొకణ్ని తిడుతున్న కేక పైదాకా వినిపించింది.

"ఇక్కడికి వస్తుంది" అన్నాడు అబ్షాలోము. "అవ్వ తల దువ్వుతుంది. చేపలు తింటుంది. నాలుగు నెలలకు నవ్వుతుంది. ఏ పశువులవాడో చూసి ముచ్చటపడతాడు. పిల్లలు పుడతారు. అంతేగా?"

"అంతకంటే ఏం కావాలి?"

"అప్పుడు నేను ఎందుకు చంపినట్టు తాతా?"

తల్మయి చేతిలో గులకరాయి నిలిచిపోయింది.

"యెరూషలేములో మా ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. లోపల ఆ పిల్ల ఉందని వాళ్లకు తెలుసు. రాజు న్యాయం ఆ గుమ్మం దగ్గర ఆగిపోయిందనీ తెలుసు. అది అక్కడ ఉన్నంతకాలం నేను హంతకుణ్ని కాను, అన్నను. అది వెళ్లిపోతే ఆ ఇంట్లో ఏం మిగుల్తుంది? నేనూ, నా జుట్టూ."

అని మళ్లీ నవ్వాడు, తేలికగా, అందంగా. ఆ నవ్వులో ఒక్కక్షణం మయకా పోలిక కనిపించి మాయమైంది. తల్మయికి కోపం రావలసింది. వచ్చింది, కాని నిలవలేదు. ఈ కుర్రవాడు చెల్లెలి గాయాన్ని తడి ఆరనివ్వకుండా కాపాడుకుంటున్నాడు. తను కూతుర్ని ఏరు దాటించి ఊరిని కాపాడుకున్నాడు. ఇద్దరూ ప్రేమించే చేశారు. మయకా ఆ రోజు ఈ పొత్రాన్ని ఒళ్లో పెట్టుకుని గాడిదెక్కింది. వెనక్కి తిరిగి చూసిందో లేదో తనకు తెలియదు, ఎందుకంటే తను అప్పటికే లోపలికి వచ్చేశాడు.

నకియ సూది నోట్లో పెట్టుకుని దారం కొరికింది. వింటోందో లేదో ఆమె ముఖం చెప్పలేదు.

మూడోరోజు పొద్దున గవిని దగ్గర ఊరి పెద్దలంతా చేరారు. గాడిదలకు బరువులు ఎక్కించారు. తల్మయి కొడుకులిద్దరూ మేనల్లుణ్ని కౌగలించుకున్నారు. పాలగిన్నె మళ్లీ రాజు చేతికి వచ్చింది. ఊరు విడిచేవాళ్ల కోసం కూడా తొట్టిలో పాలు పొయ్యాలి.

"ఇక సెలవు గెషూరూ" అన్నాడు యోవాబు.

"ఒక్క మాట" అన్నాడు తల్మయి.

పెద్దలు తలలెత్తారు. గవిని కావలివాడు హద్దాయి గడ్డం గోక్కోవడం ఆపాడు.

"నా మనవరాలు తామారు. ఆమెను నా ఇంటికి పంపించండి. ఇక్కడ ఉంటుంది."

యోవాబు క్రూరుడు కాడు. పనులు త్వరగా అవడం అతడికి ఇష్టం, అంతే. "అడగనివాడివి అడిగావు కాబట్టి చెప్తాను. రాజు కూతురు. మనిషి ఏరు దాటితే ఆ కథ కూడా ఏరు దాటుతుంది. ఇప్పటికే చాలా దూరం వెళ్లింది. అయినా అన్న నీడన ఉన్న పిల్ల, అన్న ఏమంటే అది." అని అబ్షాలోము వైపు తిరిగాడు. "ఏమంటావు?"

"దానికి రావాలని లేదు" అన్నాడు అబ్షాలోము. "నాతోనే చెప్పింది."

గవిని కింద ఎవరో దగ్గారు. మూడేళ్లుగా అతడు ఈ ఊళ్లోనే ఉన్నాడని అక్కడ ఉన్న ప్రతివాడికీ తెలుసు. చెల్లెలు అతడితో ఎప్పుడు చెప్పింది? ఆ మాట తల్మయి నాలుక చివరికి వచ్చింది. రాయి వచ్చి మూడురోజులైనా కాలేదు, నువ్వు అబద్ధమాడుతున్నావు. ఒక్క ముక్క. కాని గవిని దగ్గర, ఎద్దుకొమ్ముల దేవుడి ముందు, ఇంటి పెద్ద చేత అబద్ధికుడు అనిపించుకున్నవాడికి ఈ ఊళ్లో మళ్లీ నీడ దొరకదు. ఆ మాట విన్న యోవాబు అతణ్ని తండ్రి దగ్గరికి తీసుకెళ్లడు కూడా. మయకా అక్కడ ఏ కిటికీ దగ్గరో నిలబడి ఉంటుంది, కొడుకు వస్తున్నాడని.

అబ్షాలోము తాత కళ్లలోకే చూస్తున్నాడు. బెదిరింపు లేదు ఆ చూపులో. బతిమాలుతున్నాడు.

"మంచిది" అన్నాడు తల్మయి.

అనగానే తెలిసింది. మూడేళ్లుగా తను మనసులో తిడుతున్న ఆ పెద్దరాజు చేసిందీ ఇదే. విన్నాడు, కోప్పడ్డాడు, అంతే. తనకు కోపం కూడా సరిగా రాలేదు.

"ఆ రాయి ఇవ్వు, తిరిగి చేర్పిస్తాను" అన్నాడు యోవాబు, మాట ముగిద్దామని.

"రాయి ఇక్కడే ఉంటుంది."

"ఉంచుకో తాతా" అన్నాడు అబ్షాలోము మెల్లగా. "ఎవరు వెళ్తారు మరి, తీసుకురావడానికి?"

పెద్దరాజు పిలవందే గెషూరు రాజు ఏరు దాటకూడదు. అది ఒప్పందం. తల్మయి కొడుకుల వంక చూశాడు. పెద్దవాడు చెప్పుల తోలువారు సరిచేసుకుంటున్నాడు. చిన్నవాడు అన్న చెప్పుల వంక చూస్తున్నాడు. రాయిని ఉంచుకుని మనిషిని పంపకపోతే ఆ పిల్ల రోజూ దారి చూస్తూ ఉంటుంది. లేదు అని చెప్పడం కంటే అది పెద్ద పాపం. తను ఇప్పుడు ఆ పాపమే చేశాడు.

"కాస్త దారి ఇవ్వండర్రా."

నకియ. నెత్తిన చిన్న మూట, చేతిలో కర్ర. మూటకు కట్టింది ఆ నారతాడే.

"ఎక్కడికవ్వా, పొద్దున్నే చేపలకా?" అన్నాడు హద్దాయి.

"యెరూషలేముకి."

నలుగురూ నవ్వారు. "మరి నీ మోకాళ్లు?"

"అవి కూడా వస్తామంటున్నాయిలే. జరుగు." యోవాబు ముందుకు వచ్చి నిలబడింది. "అయ్యా, ఆ పిల్ల తల్లిని పెంచినదాన్ని నేను. ఈ ఇంటి మనిషినే. పిల్లను తీసుకురావడానికి వస్తున్నా."

"పంపరని ఇప్పుడే విన్నావు గదా ముసలమ్మా."

"విన్నా. పంపరు. పంపకపోతే అక్కడే ఉంటా. మీ ఊళ్లో పిండి నూరుకోరా ఏం? ఇద్దరం కలిసి నూరుకుంటాం. ఏం నాయనా," అని అబ్షాలోము వైపు తిరిగింది, "మీ ఇంట్లో ఒక ముసలిదానికి మూల లేదా?"

అబ్షాలోము నోరు తెరిచాడు. ఊరంతా చూస్తోంది. మూడేళ్లు తన తల దువ్విన చేతులవి. "ఉందవ్వా" అన్నాడు, తల పక్కకు తిప్పుకుని.

"గాడిద ఎక్కు అయితే" అన్నాడు యోవాబు.

"నడిచే రావాలి. అది ఆచారం. మీరు పొండి, మీ దుమ్ము వెనకాలే వస్తా."

నాలుగడుగులు వేసి, గవిని నీడ దాటి ఎండలోకి వెళ్లాక ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఒరేయ్ తల్మయీ!"

ఊరి పెద్దలు ఉలిక్కిపడ్డారు. కొందరు ఆ పేరు ఎవరిదా అన్నట్టు అటూ ఇటూ చూశారు.

"సన్నికల్లు తిరగేసి పెట్టాను. పొత్రం దాని మీదే ఉంది. ఉత్తినే నూరకు, రాయి రాయిని తినేస్తుంది. గింజ పోసి నూరు."

"నాకు నూరడం రాదే అక్కా."

"నేర్చుకో" అంది. కర్ర ముందుకు వేసింది.

తల్మయి అలాగే నిలబడ్డాడు. వాళ్లు వాలు దిగి, రెల్లు పొదల మధ్యకు పోయి, రేవు దగ్గర చిన్నచుక్కలై, అందరికంటే వెనక ఒక్క చుక్క మెల్లగా కదిలి, అదీ కనపడకుండా పోయేదాకా. తర్వాత గుర్తొచ్చి పాలు తొట్టిలో పోశాడు. ఎండకు అప్పటికే విరిగిపోయాయి.

వెనకగదిలో నకియ చాప చుట్టి కట్టేసి ఉంది. దీపం తుడిచి బోర్లించి ఉంది. ఆమె మేకను ఆ పొద్దున్నే పొరుగింటికి ఇచ్చేసిందని ఎవరో చెప్పారు. తిరిగి వచ్చే మనిషి మేకను ఇవ్వదు. దువ్వెన మాత్రం లేదు. కుట్టిన చొక్కా చెయ్యీ లేదు.

సన్నికల్లు వెల్లకిలా ఉంది. మయకా వెళ్లిన రోజు నుంచి నేలకు ఆనుకుని ఉన్న ముఖం, మట్టి కడిగేసరికి కొత్తరాయిలా గరుకుగా ఉంది. తల్మయి మోకాళ్ల మీద కూర్చుని గుప్పెడు బార్లీ పోశాడు. పొత్రం రెండు కొసలూ పట్టుకుని తోశాడు. గింజలు సగం పక్కకు చెదిరిపోయాయి. ఏరి మళ్లీ పోశాడు. తను కొట్టిన గంట్లు వంకరగా ఉన్నాయి. పిండి రాలేదు, నూక వచ్చింది, నల్లటి రాతిపొడి కలిసి.

గుమ్మంలో పెద్దకోడలు వచ్చి నిలబడింది. "రాజా, ఇదేం పని? లేవండి, మేం నూరుతాం."

అతడు తోస్తూనే ఉన్నాడు.

"రాజా" అని ఆమె మళ్లీ పిలిచింది.

ఆ పేరు గలవాడు ఎవరో తన వెనక నిలబడి ఉన్నట్టు, అతడే జవాబు చెప్పాలన్నట్టు, తల్మయి తల తిప్పలేదు. ఇంకో గుప్పెడు బార్లీ పోశాడు.